నిండు బండి కొలత

కుప్పంలో బస్టాండు వెనక సందులో మునెప్ప షెడ్డు ముందు కారు వచ్చి ఆగిందంటే ఆ వీధికి అదొక వేడుక. మడ్గార్డు పని ఏదైనా సరే, ముందు కారు నిండా మనుషుల్ని కూర్చోబెట్టందే మునెప్ప పని మొదలుపెట్టడు. ఇద్దరో ముగ్గురో చాలరు. లెక్కపెట్టి పదకొండు మంది కావాలి. పక్కన ఇడ్లీలమ్మే పాపక్క వెనక సీటు మధ్యలో కూర్చుంటుంది. ఆమెను ఇద్దరి కింద లెక్కెయ్యమని వీధి మొత్తం మునెప్పతో వాదిస్తుంది గానీ అతను ఒప్పుకోడు. అందరూ ఎక్కి, ఒకరి మోచేతులు ఒకరి డొక్కల్లో గుచ్చుకుని, "ఇంకెంతసేపప్పా, ఊపిరాడల్యా" అని గోల పెడుతుంటే, మునెప్ప మట్టిలో వెల్లకిలా పడుకుని చక్రానికీ రేకుకీ నడుమ వేళ్లు పెట్టి చూసుకుని, సుద్దముక్కతో గీత గీస్తాడు. స్టీరింగు ఈ చివరికొకసారి, ఆ చివరికొకసారి తిప్పమంటాడు. మళ్లీ గీస్తాడు. ఆ తర్వాతే రేకు అతకడానికి గ్యాసు ముట్టిస్తాడు.

ఆ పద్ధతి వల్లే అతనికి పేరొచ్చింది. పలమనేరు నుంచి, కోలారు వైపు నుంచి కూడా పాత కార్లు అతని దగ్గరికి వచ్చేవి. "మునెప్ప కొలిచినాడంటే ఇంగ చూసుకునే పనే లేదు" అనేవాళ్లు. ఎవరైనా అలా మెచ్చుకుంటే మునెప్ప తల వంచుకుని పనిముట్లు సర్దుకునేవాడు. జనం దాన్ని వినయమనుకున్నారు. అది వినయం కాదని మునెప్పకు ఒక్కడికే తెలుసు. ఒక్కొక్క మెచ్చుకోలు వీపుమీద ఇంకొక మూట పెట్టినట్టు ఉండేది.

అతను పుట్టింది బైరెడ్డిపల్లె దగ్గర ఒక మెట్ట ఊళ్లో, గొర్రెలు మేపుకునే ఇంట్లో. వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేస్తే మంద సగమై, ఆ సగమూ సంతకు పోయి, ఇంటికి ఒక కంబళి మిగిలింది. పద్దెనిమిదేళ్ల మునెప్ప ఆ కంబళి భుజాన వేసుకుని మదనపల్లె బస్సెక్కాడు. అక్కడ ఒక ముసలి మేస్త్రి షెడ్డులో టింకరింగ్ పనికి చేరాడు. సొట్టలు తీయడం, తుప్పుపట్టిన రేకు కోసి కొత్తది అతకడం, కార్బైడు డబ్బాలో నీళ్లు పోసి గ్యాసు పుట్టించడం అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. "రేకును కంటితో చూడొద్దురా, అరచేత్తో చూడు" అనేవాడు మేస్త్రి. అది మునెప్పకు చెప్పాల్సిన పనే లేదు. గొర్రె వీపు తడిమి బరువు చెప్పగలిగిన చేతికి రేకులో వేలిముద్రంత సొట్టయినా తెలిసిపోయేది. మేస్త్రి పోయాక షెడ్డు అతనిదే అయింది. సాయంత్రాలు కళ్లు మండితే బంగాళాదుంప ముక్కలు కోసి రెప్పల మీద పెట్టుకుని పడుకునేవాడు. భార్య రెడ్డెమ్మ చూసి, "కూరకు తెచ్చిందంతా కండ్లకే సరిపోతాంది" అని నవ్వేది. అవి మంచి రోజులు.

డెబ్బై నాలుగులో పుంగనూరు లక్ష్మీపతి తన ప్లిమత్ కారు తీసుకొచ్చాడు. అప్పటికే ఆ కారుకు పాతికేళ్లు ఉంటాయి. మేడంత ఎత్తు, పడవంత పొడవు. పుంగనూరు, మదనపల్లె, పలమనేరు, కుప్పం మధ్య పెళ్లిళ్లకూ పేరంటాలకూ బాడుగకు తిరిగేది. దాని సైజు టైర్లు ఎక్కడా దొరక్క లక్ష్మీపతి జీపు చక్రాలు తగిలించాడు. అవి మడ్గార్డు దాటి రెండంగుళాలు బయటికి వచ్చాయి. వాన పడితే చాలు, రోడ్డు పక్కన పోయేవాళ్ల పంచెలన్నీ ఒకటే రంగు. బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి, చక్రాల మీద కప్పు లేకుండా ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు రాదని చెప్పేశాడు.

"నాలుగు చక్రాలకీ రెక్కలు కావాల మునెప్పా," అన్నాడు లక్ష్మీపతి. "కోడి పిల్లల్ని కప్పుకుంటాదే, అట్ల కప్పుకోవాల. ఊర్లో ఎవురికీ ల్యాకుండా ఉండాల."

మునెప్ప ఆ పని ఇష్టంగా చేశాడు. పేపరు మీద నమూనా కోసి, నూనె డ్రమ్ము రేకు మీద పెట్టి కత్తిరించాడు. ఇసుక మూట మీద ఆ రేకును పెట్టి చెక్క సుత్తితో కొట్టి కొట్టి వంపు తెచ్చాడు. బయటి అంచులో కమ్మీ పెట్టి మడిచాడు. మడ్గార్డుకు ఆనించి, ఈ చివరొక టాకా, ఆ చివరొక టాకా, చుక్క చుక్కగా అతుకు వేసుకుంటూ వచ్చాడు. వరసగా ఒకేచోట అతికితే వేడికి రేకు వంకర తిరుగుతుంది మరి. టాకా వేయడం, తడి గోనె పరచడం, చల్లారాక ఇంకొకటి వేయడం. చక్రానికి రెండు రోజులు, మొత్తం ఎనిమిది రోజులు పట్టింది. లప్పం పెట్టి, రంగు కొట్టాక ఆ రెక్కలు కారుతోపాటే పుట్టినట్టు కనిపించాయి.

ఒక్క పని మాత్రం చేశాడు. మడ్గార్డు పాత అంచును పూర్తిగా కోసెయ్యకుండా లోపల వేలెడంత వదిలాడు. రెక్క బలంగా నిలవాలని ఆశ. టైరుకూ ఆ అంచుకూ నడుమ నాలుగు వేళ్లు పట్టాయి. నాలుగు వేళ్లంటే బోలెడు. కాకపోతే కొలిచింది ఖాళీ బండిని. మన వైపు బాడుగ కారు ఖాళీగా పోయిందెప్పుడు? డిక్కీలో కూడా మనుషులు కూర్చునే చోట, ఖాళీ బండిని కొలిచి మురిసిపోయాడు మునెప్ప. కారులో ఒక్కనాడైనా ఊరేగని వాళ్లు చేసే తప్పు అది.

మరుసటి సంవత్సరం మాఘమాసంలో లక్ష్మీపతి తన అత్తగారి వైపు చుట్టాలను కుప్పంలో ఒక నిశ్చితార్థానికి తీసుకెళ్లాడు. తిరుగు ప్రయాణంలో బండిలో పదకొండు మంది. పాయసంతో భోజనం చేసి మిట్టమధ్యాహ్నం బయలుదేరారు. పలమనేరు దాటాక ఒక మలుపులో, రోడ్డు కింద కాలువ పోయే మోరీ దగ్గర, కారు రోడ్డు దిగి బోర్లా పడింది. వెనక సీటులో ఎడమ పక్కన, సరిగ్గా చక్రం పైన కూర్చున్న లక్ష్మీపతికి పిల్లనిచ్చిన మామ ఈశ్వరప్ప అక్కడికక్కడే పోయాడు. బండి నడుపుతున్న లక్ష్మీపతికి కుడి మోకాలు నుగ్గయింది. తలకు దెబ్బ తగిలి, పలమనేరు దాటింది కూడా అతనికి గుర్తులేదు. మిగతావాళ్లంతా తిన్న తిండికి కునికిపాట్లు పడుతున్నవాళ్లే. ధబ్బుమని చప్పుడు విన్నామన్నారు. అది మోరీకి గుద్దుకున్న చప్పుడే అనుకున్నారు. నిద్రపోయినవాళ్లందరూ కలిసి తేల్చిందేమిటంటే, డ్రైవరు నిద్రపోయాడని.

పోలీసులు చూడటం అయ్యాక కారును లారీ మీద మునెప్ప షెడ్డుకే తెచ్చారు. మునెప్ప కిందికి దూరి చూశాడు. వెనక ఎడమ రెక్క లోపల, తాను వదిలిన వేలెడంత అంచు నల్లగా రబ్బరు పూసుకుని ఉంది. దాని కొన మాత్రం తళతళా మెరుస్తోంది. టైరు పక్కభాగం చుట్టూ కొడవలి పెట్టి కోసినట్టు తెగి ఉంది. పదకొండు మంది బరువుకు బండి కుంగి, మలుపులో ఒరిగి, ఆ అంచు టైరును కోసేసింది. లక్ష్మీపతి నిద్రపోలేదు.

పట్టపగలు, పక్క షెడ్డులో రేడియో మోగుతుండగా, మునెప్ప సుత్తి తీసుకుని ఆ అంచును పైకి అణగ్గొట్టాడు. ఏడు దెబ్బలు. టైరును పాత సామాన్లవాడికి వేసేశాడు. చేతులు అంత పనీ చేసేశాక గానీ తానేం చేశాడో అతనికి తెలియలేదు.

రెండు నెలలకు లక్ష్మీపతి కర్ర పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మునెప్పా, బండిలో ఏమన్నా లోపం కనపడిందా?"

"ఏం ల్యాదన్నా," అన్నాడు మునెప్ప.

కర్మకాండలు అయ్యాక చెబుదామనుకున్నాడు. కట్టు విప్పాక చెబుదామనుకున్నాడు. కేసు తేలాక చెబుదామనుకున్నాడు. రెండేళ్లకు కేసు కొట్టేశారు, లైసెన్సు చేతికొచ్చింది. అయినా నిద్రపోయే డ్రైవరుకు స్టీరింగు ఎవరిస్తారు? లక్ష్మీపతి కారు అమ్మేసి పుంగనూరు బస్టాండులో బస్సులకు జనాన్ని పిలిచే పనికి కుదిరాడని మునెప్ప విన్నాడు. ఇక ఆ దారిన పోయే ధైర్యం చాలక, రెడ్డెమ్మ పుట్టిల్లు దగ్గరవుతుందని వంక పెట్టి షెడ్డును కుప్పానికి మార్చాడు. అక్కడికొచ్చిన మొదటి కారులోనే పదకొండు మందిని కూర్చోబెట్టాడు. పదకొండే ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇలా, ఆ ప్రమాదం జరిగి పదకొండేళ్లు గడిచాయి. నిద్ర లేచినప్పుడే అలసట ఉండేది. పని ఎక్కువై వచ్చిన అలసట అయితే పడుకుంటే పోయేది. ఇది పోలేదు.

ఎనభై ఆరు వేసవిలో పట్టుగూళ్ల వ్యాపారి నాగరాజు ఒక పాత కారు తోలుకుని వచ్చాడు. సందు మొదట్లో మలుపు తిరుగుతుండగానే అది లక్ష్మీపతి ప్లిమత్ అని మునెప్పకు తెలిసిపోయింది. రంగు మారింది, దీపాలు మారాయి. అతుకు మాత్రం తనది. తన అతుకును గుర్తుపట్టని టింకరు ఎక్కడా ఉండడు.

"జాతరకు ఇంటిల్లిపాదీ దీంట్లోనే పోవాల మునెప్పా," అన్నాడు నాగరాజు. "రెక్కలు తుప్పుపట్టి రాలిపోతాండాయి. కోసేసి కొత్తవి అతుకు. నీ కొలతకు తిరుగుల్యాదని అందురూ చెప్తాండారు."

మునెప్ప వెనక ఎడమ రెక్క కోశాడు. లోపలి బురద గీకితే, పాత రంగు కింద, ఏడు సుత్తి దెబ్బలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అతను ఆ రేకుముక్కను ఒళ్లో పెట్టుకుని షెడ్డు గడప మీద కూర్చుండిపోయాడు. ఆ రోజూ మర్నాడూ గ్యాసు వెలిగించలేదు.

"ఏమయ్యా, జొరమా?" అని రెడ్డెమ్మ నుదురు తాకి చూసింది.

అప్పుడు చెప్పాడు. పెళ్లయి ఇరవై ఏళ్లయినా ఆమెకు చెప్పని మాట అదొక్కటే. ఆమె కొంగు చివర మడతపెట్టి విప్పింది.

"దీనికేనా పాపక్కను పట్టుకొచ్చి పట్టుకొచ్చి కార్లల్లో కుక్కింది?" అంది. "నాకు చెప్తే ఏం లాబం? ఎవురికి చెప్పాల్నో వాళ్లకు పోయి చెప్పు."

మునెప్ప రేకుముక్కను గోనెసంచిలో చుట్టుకుని పొద్దున బస్సుకు పుంగనూరు వెళ్లాడు. పలమనేరు దాటాక, ఆ మలుపు వచ్చేటప్పుడు కళ్లు మూసుకున్నాడు. మోరీ దాటిందో లేదో తెలియక చాలాసేపు తెరవలేదు.

బస్టాండులో లక్ష్మీపతి కుంటుతూ బస్సు వెంట నడుస్తూ "మదనపల్లె, మదనపల్లె" అని అరుస్తున్నాడు. జుట్టు మొత్తం నెరిసింది, గొంతు మాత్రం అలాగే ఉంది. మునెప్పను చూసి సంతోషపడ్డాడు. ఆ సంతోషం చూసి మునెప్పకు తిరిగి బస్సెక్కి పోదామనిపించింది.

"ఎన్నేండ్లయ్యెనప్పా! ఎట్లుండావు? కుప్పంలో పెద్ద పేరుందంట గదా నీకు! రా, టీ తాగుదాం."

టీ కొట్టు బల్ల మీద మునెప్ప సంచి విప్పి రేకు చూపించాడు. జరిగిందంతా చెప్పాడు. చెప్పడానికి ఒక గ్లాసు టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. అంత చిన్న మాటను ఇన్నేళ్లు మోశానా అని అతనికే సిగ్గేసింది.

లక్ష్మీపతి రేకు చేతిలోకి తీసుకున్నాడు. సుత్తి దెబ్బలను ఒక్కొక్కటే వేలితో తడిమాడు.

"అంటే నేను నిద్రపోల్యా," అన్నాడు.

"ల్యాదన్నా."

"ఆ పొద్దు నిన్ను అడిగితి గదా."

"అడిగినావన్నా."

లక్ష్మీపతి బస్సుల వైపు చూస్తూ మాట్లాడాడు.

"అమరావతి కాలం సేసి రెండేండ్లయింది. నా పెండ్లాము. తెలుసు గదా నీకు? మా నాయన్ను నిద్రలో సంపేస్తివే అని ఆసుపత్రిలో ఒక్కసారి అనింది. మళ్లా అనలే. తొమ్మిదేండ్లు కంచం ముందర పెట్టి అవతలికి పోతాండె. నేనూ నమ్మినా మునెప్పా. గ్యాపకం ల్యాదు గదా, నిద్రపోయుంటా అనుకున్నా. అప్పుట్నుంచి ఈ పొద్దు దాకా పగటిపూట కన్ను మూసింది ల్యా. ఎండలో నిలబడి అరుస్తా ఉంటే నిద్ర రాదు గదా, అందుకే ఈ పనిలో చేరింది." రేకును బల్ల మీద పెట్టాడు. "ఆమె ఉండంగ ఈ ముక్క తెచ్చింటే?"

మునెప్ప క్షమించమని అడగాలనుకుని వచ్చాడు. ఆ మాట నోటిదాకా వచ్చి, అక్కడ ఎంత చిన్నదిగా కనిపించిందంటే, మింగేశాడు.

ఇంతలో బస్సు వచ్చింది. లక్ష్మీపతి లేచి, రేకుముక్కను చంకలో పెట్టుకుని, "పలమనేరు, పలమనేరు" అని పిలుస్తూ వెళ్లాడు. మళ్లీ బల్ల దగ్గరికి రాలేదు. మునెప్ప మధ్యాహ్నం దాకా కూర్చుని, తర్వాత బస్సెక్కాడు. టిక్కెట్టు తీసుకుంటూ కిటికీలోంచి చూస్తే, లక్ష్మీపతి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇటు చూడలేదు.

నాగరాజు తొందర పెట్టడంతో నాలుగో రోజు పొద్దున మునెప్ప వీధిలోవాళ్లను పిలిచాడు. పాపక్క ఇడ్లీపాత్ర మీద మూత పెట్టి వచ్చింది. నాగరాజు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కరే ఎక్కుతుండగా, సందు మొదట్లో కర్ర చప్పుడు వినిపించింది. లక్ష్మీపతి వస్తున్నాడు, చంకలో ఆ రేకు.

అతను ముందు కారు దగ్గరికి వెళ్లి బానెట్టు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. తర్వాత రేకును దాని మీద పెట్టాడు.

"వీళ్లకు చెప్పినావా?"

"ల్యాదన్నా."

"చెప్పు."

మునెప్ప చెప్పాడు. ఖాళీ బండిని కొలిచానన్నాడు. నా తప్పు వల్ల మనిషి పోయాడన్నాడు. ఆ తప్పును దాచి ఇంకొక మనిషిని దోషిని చేశానన్నాడు. ఇన్నేళ్లుగా తన కొలతను పొగిడిన నోళ్లన్నీ ఆ కారులోనే ఉన్నాయి. వక్క నములుతున్న పాపక్క దవడ ఆగిపోయింది. నాగరాజు స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎవరూ కారు దిగలేదు. పరువు పోతే ఎలా ఉంటుందో అని పదకొండేళ్లు భయపడ్డ మునెప్పకు, అది పోయినప్పుడు పెద్ద తేడా ఏమీ తెలియలేదు.

"సుద్దముక్క ఇట్లియ్," అన్నాడు లక్ష్మీపతి. "కొలత నేను తీస్తా. నువ్వెక్కు."

"నేనా?"

"వెనక, ఎడమ పక్క. మా మామ కూర్చున్న తావు."

ఇన్నేళ్లలో మునెప్ప వందల మందిని కార్లలోకి ఎక్కించాడు గానీ తాను ఒక్కసారి కూడా ఎక్కలేదు. పాపక్క మాట్లాడకుండా జరిగి చోటిచ్చింది. అతను కూర్చుంటే సీటు కిందికి కుంగింది. లక్ష్మీపతి కుడి మోకాలు వంగదు. ఆ కాలు చాపి, చేతి మీద ఒరిగి, ఎలాగో మట్టిలో పడుకున్నాడు. సుద్ద రేకు మీద గీసుకునే చప్పుడు మునెప్పకు సరిగ్గా తన తొడ కింద వినిపించింది.

ఈశ్వరప్పకూ ఇలాగే వినిపించి ఉంటుంది. పాయసం తిని కునుకు తీస్తున్న ముసలాయన, కింద ఏదో రాసుకుంటోందనుకుని, అల్లుడు నడుపుతున్నాడు కదా అని మళ్లీ కళ్లు మూసుకుని ఉంటాడు. అది తలచుకోగానే మునెప్పకు దుఃఖం ఆగలేదు. అందరి మధ్యా, మోకాళ్ల మీద తల పెట్టుకోవడానికి కూడా చోటులేని ఆ కారులో, వెక్కి వెక్కి ఏడ్చాడు. పాపక్క కొంగు తీసి అతని చేతిలో పెట్టింది.

"మునెప్పా," అన్నాడు లక్ష్మీపతి కిందనుంచి. "ఇంగ రెండు వేళ్లు వదలాల."

"వదుల్తానన్నా."

"మిగిలిన పాత అంచు మొత్తం కోసెయ్. బలం గిలం అనొద్దు."

"కోసేస్తానన్నా."

సుద్ద మళ్లీ గీసుకుంది. లక్ష్మీపతి ఊపిరి బరువుగా వినిపించింది.

"పని అయినంక నేనే నడిపి సూస్తా. ఓనరప్పా, ఒకపూట తాళం ఇస్తావా?"

నాగరాజు తల వంచి కిటికీలోంచి కిందికి చూసి, "ఇస్తాలేప్పా," అన్నాడు.

"పలమనేరు దాటి మోరీ దాకా పోయొద్దాం. మధ్యాన్నం పూట, అన్నం తిన్నంక." అతను కర్ర అందుకుంటున్న చప్పుడైంది. "మునెప్పా, అప్పుడు గూడా నువ్వు ఆడనే కూర్చోవాల."

మునెప్ప పాపక్క కొంగుతో మొహం తుడుచుకుని, కూర్చుంటానన్నాడు.